చేతిలో ఇమిడిన ఆట: గుంపెయి యొకోయ్ జీవితం



ప్రతి పీటీఎమ్‌లోనూ మార్కుల తర్వాత నాకు ఎక్కువగా వినిపించేది గేముల గురించిన ఫిర్యాదే. బాబు ఫోన్ వదలడం లేదనీ, పాప ట్యాబ్ ఇస్తే తప్ప అన్నం తినడం లేదనీ చెబుతారు. నేనూ తల ఊపి, స్క్రీన్ టైమ్ తగ్గించండి అని ఒక మాట చెప్పి పంపుతాను. అయితే మీలో చాలామంది చిన్నప్పుడు ఒక గేమ్ పిచ్చిగా ఆడి ఉంటారు. తిరునాళ్లలోనో, ఎగ్జిబిషన్‌లోనో కొన్న బ్రిక్ గేమ్ గుర్తుందా? దాని మీద 9999 ఇన్ 1 అని రాసి ఉండేది, లోపల చూస్తే వేళ్ల మీద లెక్కపెట్టే ఆటలే. పై నుంచి పడే ఇటుకలను తిప్పి, జరిపి, వరుస నిండేలా పేర్చాలి. వరుస నిండితే మాయమవుతుంది, నిండకపోతే గోడ పైకి పెరుగుతుంది. మా ఇంట్లో ఒకటి ఉండేది. పెన్సిల్ బ్యాటరీలు అయిపోతే టీవీ రిమోట్‌లోవి తీసి వేసుకునేవాళ్లం. సాయంత్రం నాన్న వచ్చి రిమోట్ నొక్కేసరికి దొంగతనం బయటపడేది.

ఆ ఇటుకల ఆటకు మూలం టెట్రిస్. దాన్ని 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ అనే ప్రోగ్రామర్ తయారుచేశారు. కానీ అలాంటి ఆటను బస్సులో, మంచం మీద, మేడ మెట్ల మీద కూర్చుని ఆడుకునేలా మన చేతికి ఇచ్చింది వేరే మనిషి. ఆయన పేరు గుంపెయి యొకోయ్. జపాన్ దేశస్థుడు. చనిపోయి పాతికేళ్లు దాటింది. ఈ నెల ఆయన జీవితం గురించి రాస్తున్నాను. అందుకు నాకొక సొంత కారణం ఉంది. దాన్ని చివర్లో చెబుతాను.

ఉద్యోగం రాని ఇంజినీర్

యొకోయ్ 1941 సెప్టెంబర్ 10న క్యోటో నగరంలో పుట్టారు. అక్కడి దోషిషా యూనివర్సిటీలో ఎలక్ట్రానిక్స్ చదివారు. చదువులో గొప్ప విద్యార్థేమీ కాదు. పెద్ద పెద్ద ఎలక్ట్రానిక్స్ కంపెనీలకు అప్లై చేస్తే ఏదీ ఆయన్ని తీసుకోలేదు. చివరికి 1965లో సొంత ఊళ్లోనే ఉన్న ఒక పేకముక్కల కంపెనీలో చేరారు. ఆ కంపెనీ పేరు నింటెండో.

నింటెండో అనగానే మనకు మారియో గుర్తొస్తాడు. కానీ 1889లో మొదలైన ఆ కంపెనీ అప్పటికి ప్రధానంగా హనఫుడా అనే పూల బొమ్మల పేకముక్కలు తయారుచేసేది. ముక్కలు తయారుచేసే యంత్రాలు ఆగిపోకుండా చూసుకోవడమే యొకోయ్ పని. అంటే మెయింటెనెన్స్. ఇంజినీరింగ్ చదివిన కొడుకు పేకముక్కల ఫ్యాక్టరీలో మెషీన్లకు కాపలా కాస్తున్నాడంటే మన ఇళ్లలో ఆ మాట బంధువులకు ఎలా చెప్పుకుంటామో ఒకసారి ఊహించుకోండి.

మెషీన్లు సరిగా నడుస్తున్నంతసేపు మెయింటెనెన్స్ మనిషికి పని ఉండదు. ఖాళీగా కూర్చోలేక యొకోయ్ ఫ్యాక్టరీలోని పరికరాలతో ఒక బొమ్మ చేసుకున్నారు. కత్తెర మడతల్లాంటి పట్టీలను ఒకదానికొకటి అడ్డంగా బిగించారు. రెండు పిడులు దగ్గరికి నొక్కితే ఆ చెయ్యి సర్రున ముందుకు సాగి, చివరనున్న కొక్కెంతో దూరంగా ఉన్న వస్తువును పట్టుకుంటుంది. పని వేళలో దానితో ఆడుకుంటుండగా కంపెనీ అధ్యక్షుడు హిరోషి యమౌచి చూశారు. తర్వాత తన గదికి రమ్మని కబురు పెట్టారు.

తిట్లు తప్పవనుకుంటూ వెళ్లారు యొకోయ్. యమౌచి మాట మెత్తని మనిషేమీ కాదు. కానీ ఆయన తిట్టలేదు. దాన్ని అమ్మకానికి పనికొచ్చే ఆటవస్తువుగా చెయ్యమన్నారు. అలా 1966లో అల్ట్రా హ్యాండ్ అనే బొమ్మ బజారుకు వచ్చింది. పది లక్షలకు పైగా అమ్ముడైంది. మెషీన్లు చూసుకునే కుర్రవాడు ఆటవస్తువులు తయారుచేసే మనిషయ్యాడు.

పాత వస్తువు, కొత్త పని

ఆ తర్వాత పదేళ్లకు పైగా యొకోయ్ రకరకాల బొమ్మలు చేశారు. ఇంట్లోనే మెత్తని బంతులు విసిరే యంత్రం, ఇద్దరు చేతులు పట్టుకుంటే ముల్లు కదిలి వాళ్ల మధ్య ప్రేమ ఎంతుందో చెప్పే మీటరు, సోలార్ సెల్‌తో పనిచేసే బొమ్మ తుపాకీ, ఇలాంటివి. సోలార్ సెల్ అంటే కరెంట్ తయారుచేసేది కదా, తుపాకీ ఆటలో దానికేం పని? వెలుతురు పడితే దాంట్లో కరెంట్ పుడుతుంది. తుపాకీ నుంచి వచ్చిన వెలుతురు గురి మీద ఉన్న సెల్‌పై పడితే, దెబ్బ తగిలినట్టు గురి ఎగిరిపోతుంది. కరెంట్ కోసం పుట్టిన వస్తువును ఆయన కన్నులా వాడారు.

ఆయన పద్ధతంతా ఇందులోనే కనిపిస్తుంది. మార్కెట్లోకి అప్పుడే వచ్చిన ఖరీదైన టెక్నాలజీ వెంట పడేవారు కాదు. వచ్చి చాలా రోజులై, లోటుపాట్లు అందరికీ తెలిసి, ధర బాగా పడిపోయిన వస్తువును తీసుకుని, ఎవరూ అనుకోని పనికి వాడేవారు. కొత్తదనం ఆలోచనలో ఉంటే చాలనేది ఆయన నమ్మకం.

అన్నీ గెలవలేదు. 1973లో మూతపడిన బౌలింగ్ హాళ్లను లైట్ తుపాకుల షూటింగ్ కేంద్రాలుగా మార్చే పెద్ద ప్రాజెక్టులో ఆయనది ముఖ్యమైన పాత్ర. అదే ఏడాది చమురు సంక్షోభం వచ్చింది. ఆర్డర్లు రద్దయ్యాయి. కంపెనీ అప్పుల పాలైంది.

రైల్లో ఒక కాలిక్యులేటర్

ఒకరోజు యొకోయ్ బుల్లెట్ రైల్లో వెళుతున్నారు. ఎదురుగా ఒక ఉద్యోగి ఏమీ తోచక చేతిలోని కాలిక్యులేటర్ బటన్లు ఊరికే నొక్కుకుంటూ కూర్చున్నాడు. ఆ దృశ్యం యొకోయ్ మనసులో ఉండిపోయింది. పెద్దవాళ్లు కూడా ప్రయాణంలో ఎవరికీ కనపడకుండా ఆడుకునే చిన్న ఆట ఉంటే బాగుంటుంది కదా అనిపించింది.

కొన్నాళ్లకు యమౌచి గారి డ్రైవర్‌కు ఒంట్లో బాగాలేదు. కారు ఎడమవైపు స్టీరింగ్ ఉన్న విదేశీ బండి. దాన్ని నడపగలిగిన యొకోయ్‌ను ఆ రోజు తోలమన్నారు. దారిలో మాటల మధ్య తన ఆలోచన చెప్పారు. యమౌచి పెద్దగా స్పందించినట్టు కనిపించలేదు. కానీ ఆ రోజు మీటింగ్‌లో యమౌచి పక్కన కూర్చున్నది కాలిక్యులేటర్లు తయారుచేసే షార్ప్ కంపెనీ అధ్యక్షుడు. కొద్ది రోజుల్లోనే షార్ప్ మనుషులు నింటెండోకు వచ్చారు.

కంపెనీల మధ్య పోటీ వల్ల అప్పటికే కాలిక్యులేటర్ల స్క్రీన్లు, చిప్పులు బాగా చవకయ్యాయి. వాటితోనే 1980లో గేమ్ అండ్ వాచ్ వచ్చింది. ఒక్కో పరికరంలో ఒక్కో ఆట, పక్కన టైమ్ చూపించే గడియారం. ఆ వరుసలో వచ్చిన పరికరాలు మొత్తం 4 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. కంపెనీ అప్పుల నుంచి తేరుకుంది. రంగు బంతులను తిప్పి తిప్పి సరైన వరుసలోకి తేవాల్సిన పీపా ఆకారపు పజిల్ ఒకటి కూడా అదే ఏడాది యొకోయ్ చేశారు. అది రూబిక్స్ క్యూబ్‌కు బంధువులాంటిది.

1982లో ఇంకో చిక్కు వచ్చింది. పుస్తకంలా మూసే పరికరంలో డాంకీ కాంగ్ ఆట పెట్టాలి. కర్రలా పైకి లేచి ఉండే జాయ్‌స్టిక్ పెడితే మూత పడదు. నాలుగు బటన్లు విడివిడిగా పెడితే ఆడేవాడు చూపు దించి వేళ్లు చూసుకోవాలి. యొకోయ్ ఆ నాలుగింటినీ కలిపి కూడిక గుర్తు ఆకారంలో ఒకే పలుచని బటన్ చేశారు. బొటనవేలు కదలకుండానే పైకి, కిందికి, ఎడమకు, కుడికి తెలిసిపోతుంది. మీ పిల్లల గేమ్ కంట్రోలర్ ఒకసారి చూడండి. ఆ కూడిక గుర్తు ఇప్పటికీ ఉంటుంది.

ఆ రోజుల్లోనే షిగెరు మియమోటో అనే యువ డిజైనర్ తన మొదటి పెద్ద ఆట డాంకీ కాంగ్‌ను యొకోయ్ పర్యవేక్షణలో చేశారు. మారియో తొలిసారి కనిపించింది ఆ ఆటలోనే. తర్వాత కాలంలో మియమోటో పేరు ప్రపంచమంతా తెలిసింది. ఆయనకు మొదట్లో దారి చూపిన పెద్ద మాత్రం తెర వెనకే ఉండిపోయారు.

రంగుల్లేని విజయం

1989 ఏప్రిల్ 21న జపాన్‌లో గేమ్ బాయ్ విడుదలైంది. యొకోయ్ విభాగం తయారుచేసిన ఈ పరికరంలో ఆటలను క్యాసెట్లలా మార్చుకోవచ్చు. స్క్రీన్‌కు రంగులు లేవు, పచ్చటి మసక వెలుగులో నాలుగు ఛాయలు మాత్రమే. చీకట్లో ఆడటానికి లోపల లైటు కూడా లేదు. అదే ఏడాది అటారి కంపెనీ లింక్స్ అనే రంగుల పరికరం తెచ్చింది. మరుసటి ఏడాది సెగా కంపెనీ గేమ్ గేర్ తెచ్చింది, అదీ రంగులదే. రెండూ గేమ్ బాయ్ కన్నా శక్తిమంతమైనవి. రెండూ ఓడిపోయాయి.

ఎందుకంటే, రంగుల పరికరాలు 6 బ్యాటరీలు మింగి కొద్ది గంటల్లో ఆగిపోయేవి. గేమ్ బాయ్ 4 పెన్సిల్ బ్యాటరీలతో పదిహేను గంటల దాకా నడిచేది. ధర తక్కువ. కింద పడినా చెడిపోదు. నెలకు ఇంత అని లెక్కగా ఖర్చుపెట్టే ఇంట్లో ఇవి చిన్న విషయాలు కావని మీకు వేరే చెప్పనక్కర్లేదు.

దీనికి టెట్రిస్ తోడైంది. అమెరికాలో గేమ్ బాయ్ కొన్న ప్రతివారికీ పెట్టెలోనే టెట్రిస్ ఇచ్చారు. ఆ ఆటకు రంగు అవసరం లేదు, కథ అవసరం లేదు. ఇప్పుడు పడుతున్న ముక్కను ఎక్కడ పెట్టాలి, తర్వాత వచ్చే ముక్కకు ఎక్కడ చోటు ఉంచాలి, పొడవాటి కడ్డీ కోసం ఎంతసేపు ఆగాలి, ఇదే ఆలోచన. పిల్లల కోసం కొన్న పరికరాన్ని పెద్దవాళ్లు లాక్కున్నారు. 1993లో రష్యన్ వ్యోమగామి అలెగ్జాండర్ సెరెబ్రోవ్ తన గేమ్ బాయ్‌ను, టెట్రిస్‌ను మిర్ అంతరిక్ష కేంద్రానికి తీసుకెళ్లారు. తర్వాత వచ్చిన రంగుల గేమ్ బాయ్‌తో కలిపి మొత్తం అమ్మకాలు 11 కోట్ల 80 లక్షలు దాటాయి.

మన తిరునాళ్ల బ్రిక్ గేమ్ ఈ వంశంలో అనుమతి లేకుండా పుట్టిన పిల్ల. కాలిక్యులేటర్ లాంటి చవక స్క్రీన్, టెట్రిస్‌కు నకలు, వేళ్లకు తెలిసే బటన్లు. యొకోయ్ పేరు మనకు తెలియకుండానే ఆయన ఆలోచన మన ఇళ్లకు వచ్చింది.

ఎర్రటి ఓటమి

1995లో యొకోయ్ వర్చువల్ బాయ్ తెచ్చారు. బల్ల మీద స్టాండుకు పెట్టి, కళ్లు ఆనించి చూస్తే లోతు కనిపించే త్రీడీ పరికరం. లోపలంతా నల్లటి చీకటి మీద ఎర్రటి గీతలు. ఆడినవాళ్లు తలనొప్పి అన్నారు, మెడ నొప్పి అన్నారు. ఏడేళ్లలోపు పిల్లలు వాడకూడదని హెచ్చరిక ఇచ్చారు. మధ్య మధ్యలో ఆట దానంతటదే ఆగి విశ్రాంతి తీసుకోమని గుర్తుచేసే ఏర్పాటు కూడా పెట్టారు. ప్రపంచమంతా కలిపి 8 లక్షలు కూడా అమ్ముడుపోలేదు. ఏడాది తిరగకుండానే తయారీ ఆపేశారు.

ముప్పై ఏళ్ల పేరు ఒక్క ఏడాదిలో మసకబారింది. అయినా ఆయన వెంటనే వెళ్లిపోలేదు. సన్నగా, తేలిగ్గా ఉండే గేమ్ బాయ్ పాకెట్ పని పూర్తిచేశారు. అది బజారుకు వచ్చాక 1996 ఆగస్టులో నింటెండో వదిలారు. ఓటమి వల్లే వెళ్లిపోయారని లోకం అనుకుంది. యాభై దాటాక సొంతంగా పనిచేసుకోవాలని తనకు ముందునుంచీ ఉందని ఆయన చెప్పుకున్నారు.

వెళ్లిన వెంటనే క్యోటోలో కోటో అనే చిన్న సంస్థ పెట్టారు. బందాయ్ కంపెనీ కోసం వండర్‌స్వాన్ అనే కొత్త చేతి పరికరం పని మొదలుపెట్టారు. మళ్లీ అదే పద్ధతి: రంగుల్లేని స్క్రీన్, తక్కువ ధర, ఈసారి ఒకే ఒక్క పెన్సిల్ బ్యాటరీ. దాన్ని అడ్డంగానూ పట్టుకోవచ్చు, నిలువుగానూ పట్టుకోవచ్చు.

1997 అక్టోబర్ 4న ఇషికావా ప్రాంతంలోని హైవే మీద ఆయన ప్రయాణిస్తున్న కారు ముందున్న వాహనానికి తగిలింది. అది చిన్న దెబ్బే. ఏమైందో చూద్దామని దిగారు. వెనుక నుంచి వచ్చిన మరో కారు ఆయన్ని ఢీకొట్టింది. అప్పటికి ఆయనకు 56 ఏళ్లు.

వండర్‌స్వాన్ 1999 మార్చిలో విడుదలైంది. దాంతోపాటు వచ్చిన పజిల్ ఆటకు ఆయన జ్ఞాపకార్థం గన్‌పే అని ఆయన పేరే పెట్టారు. 2003లో ప్రపంచ గేమ్ డెవలపర్ల సంఘం ఆయనకు మరణానంతరం జీవన సాఫల్య పురస్కారం ఇచ్చింది.

డ్రాయర్‌లోని నోట్‌బుక్

ఇప్పుడు నా సొంత కారణం. కొన్ని నెలల క్రితం స్టడీ అవర్‌లో ఒక ఏడో తరగతి బాబు గళ్ల నోట్‌బుక్ కింద పెట్టుకుని పక్కవాడితో ఏదో ఆడుతున్నాడు. లాక్కుని చూశాను. గళ్లలో పట్టే అట్టముక్కలు కత్తిరించి రంగులు వేశాడు. ఏ ముక్క ఎప్పుడు రావాలో చీటీలు రాసి పెట్టాడు. వెనక పేజీలో రూల్స్ కూడా ఉన్నాయి, రెండుసార్లు కొట్టేసి మళ్లీ రాసినవి. నేను అవేమీ చదవలేదు. నోట్‌బుక్ స్టాఫ్‌రూమ్ డ్రాయర్‌లో పడేసి, పీటీఎమ్‌లో వాళ్ల నాన్నగారికి సాక్ష్యంగా చూపించాను. ఆయన తల దించుకున్నారు. ఆ పక్కనే బాబు నిలబడి ఉన్నాడు.

యొకోయ్ గురించి చదువుతూ అల్ట్రా హ్యాండ్ దగ్గరికి వచ్చేసరికి ఆ నోట్‌బుక్ గుర్తొచ్చింది. పని వేళలో ఆడుకుంటున్న మనిషిని యమౌచి పిలిపించారు, నేనూ పిలిపించాను. తేడా ఏమిటంటే, ఆయన చేతిలో ఉన్న వస్తువు వైపు చూశారు. మర్నాడు నోట్‌బుక్ తీసి రూల్స్ చదివాను. బాగున్నాయి. ఒక్కచోట మాత్రం ఆట ఎప్పటికీ ముగియకుండా ఇరుక్కుపోతుంది. బాబును పిలిచి సారీ చెప్పి, ఆ ఒక్కచోటు గురించి అడిగాను. నోట్‌బుక్ తీసుకున్నాడు కానీ తెరవలేదు. సరే మేడమ్ అని వెళ్లిపోయాడు. ఇంకా ఎదురుచూస్తున్నాను.

ఫోన్ ఇచ్చేయమని చెప్పడానికి ఇదంతా రాయలేదు. ఇప్పటి ఫోన్ గేములు చాలావరకు ముగియకుండా తయారుచేసినవి. ప్రకటనలు, కొనుగోళ్లు, నోటిఫికేషన్లు పిల్లలను మళ్లీ మళ్లీ వెనక్కి లాగుతాయి. యొకోయ్ పరికరాల్లో అవేవీ లేవు. హద్దు పెట్టాల్సింది మనమే. కానీ పిల్లలు ఆట ఆడటం వేరు, ఆట కనిపెట్టడం వేరు. రెండోది కనిపించినప్పుడు, అది హోంవర్క్ టైమే అయినా సరే, కోప్పడే ముందు ఒక్క నిమిషం చేతిలో ఏముందో చూడండి.

ఈ ఆదివారం ఇంట్లో

గన్‌పే ఆటను కాగితం మీద ఆడవచ్చు. గళ్ల కాగితం మీద 5 నిలువు వరుసలు, 10 అడ్డు వరుసలు గీయండి. ఒక్కో గడిలో పట్టే అట్టముక్కలు కత్తిరించి, వాటి మీద నాలుగు రకాల గీతలు గీయండి: ఎక్కే వాలు, దిగే వాలు, కొండ శిఖరం, లోయ. గీతల చివరలు ముక్క మూలల్లో ఉండాలి. కళ్లు మూసుకుని ముక్కలు తీసి కింది వరుసల్లో అక్కడక్కడా పేర్చండి. ఆడేవాళ్లు ఒకే నిలువు వరుసలో పైనా కిందా ఉన్న రెండు గడులను మాత్రమే తారుమారు చేయవచ్చు. గడి ఖాళీగా ఉన్నా పరవాలేదు. ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా గీత తెగకుండా కలిస్తే ఆ ముక్కలు తీసేయాలి. ప్రతి మూడు ఎత్తులకు అన్నిటినీ ఒక గడి పైకి జరిపి, కింద కొత్త ముక్కలు పెట్టండి. ఏదైనా ముక్క పై అంచు దాటితే ఆట అయిపోయినట్టే.

మూడు ఎత్తులు అన్నది నేను పెట్టిన లెక్క. అది మీ పిల్లలకు నచ్చకపోతే మార్చుకోనివ్వండి. మార్చిన రూల్ నోట్‌బుక్‌లో రాసి క్లాసుకు పంపితే చదువుతాను. ఈసారి డ్రాయర్‌లో పెట్టను.